శిశువుల మాట – ఆటవస్తువుల సాయము

శిశువునకు మాట వచ్చుట దానంతట జరుగు కార్యమని మనలో పెక్కుమంది తలంచుచుందురు. వేళ వచ్చినప్పుడు పన్ను మొలచినట్లే మాటయు వచ్చునని పెద్దలందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయినను పన్నునకును మాటకును ఒక గొప్ప భేదము కలదు. పన్ను మొలచుటకు రెండవ మనుష్యుని సాయ మక్కరలేదు. మాట పుట్టుటకు ఆ సాయము తప్పక కావలెను. వినువారును, బదులు పలుకువారును లేనిచోట మాట పుట్టదు. అంతియే గాదు, ఆ యిద్దరి నడుమ చెప్పుకొనదగిన సంగతి యేదైన నొకటి యుండవలెను. ఏడాది బిడ్డకు రాచకార్యములు లేవు, లోకవార్తలు లేవు. వానికున్న సంగతులెల్ల చేతి కందు వస్తువులే: గిలక, గిన్నె, మూత, బంతి, తాతగారి కళ్లజోడు. కావున శిశువుతో మాటలాడ గోరువారు ఆ వస్తువులయొద్దకే పోవలెను.

ఈ వ్యాసమునందు మూడు సంగతులు విన్నవింప దలచినాము. మాట రాకముందు శిశువు ఏ విధముగా మాటలాడునో మొదట చెప్పెదము. వస్తువులద్వారా, ఆటలద్వారా భాష నేర్పిన ప్రసిద్ధ ఉపాధ్యాయుల పద్ధతులను పిమ్మట చూపెదము. మన యిండ్లలోని వస్తువులతోను, మన పల్లెల యాటలతోను ఈ పని యెట్లు చేయవచ్చునో, మాట ఆలస్యమైన బిడ్డ విషయమున ఏమి చేయవలెనో తుదకు వివరించెదము. మన పాఠశాల విద్యార్థులలో అనేకులకు ఇంట చిన్న తమ్ములును చెల్లెండ్రును కలరు. సాయంకాలమున తల్లి పొయ్యియొద్ద నుండగా చంటిబిడ్డను చంక నెత్తుకొని తిరుగువారు వీరే. కావున ఈ వ్యాసము తలిదండ్రులకెంత యవసరమో వీరికిని అంత యవసరము.

1. మాటకు ముందటి మాట

మొదటి మాట సాధారణముగా ఏడాది వయస్సున వినబడును. కాని శిశువు అంతకు పూర్వమే చాల సంగతులు చెప్పుచుండును. ఏడ్పుచేత ఆకలిని చెప్పును. నవ్వుచేత సంతోషమును చెప్పును. మొగము త్రిప్పుకొని చాలునని చెప్పును. ఇంచుమించు తొమ్మిదవ నెలనుండి వానియందొక క్రొత్త శక్తి కనబడును. అంతవరకు వాడు మనుష్యునైన చూచును, వస్తువునైన చూచును. ఇప్పుడు రెంటిని కలుపును. బొమ్మను చూచి, తల్లి మొగము చూచి, మరల బొమ్మను చూచును. "నేను చూచుచున్నదానిని నీవును చూచుచున్నావా?" యని యా చూపునకు భావము.

ఏడాది నిండునప్పటికి బిడ్డ వ్రేలితో చూపుట నేర్చును. ఈ చూపుట రెండు విధములు. ఉట్టిమీది అరటిపండును చూపునప్పుడు "అది నాకిమ్ము" అని యర్థము. ఆకాశమందలి చందమామను చూపునప్పుడు అర్థము వేరు. దానిని తెచ్చి యిమ్మని వాడడుగుట లేదు. తాను చూచిన వింతను మీరును చూడవలెనని మాత్రమే కోరుచున్నాడు. మొదటి వ్రేలు కోరికను తెలుపును. రెండవ వ్రేలు చెలిమిని తెలుపును. పెద్దలు అరుగులమీద కూర్చుండి చెప్పుకొను కబుర్లన్నియు ఈ రెండవ జాతికి చెందినవే. మన తల్లులు వెన్నెలలో బువ్వ తినిపించుచు చందమామను చూపుట యనాదిగా వచ్చుచున్న ఆచారము. ఒక వస్తువును ఇద్దరు కలిసి చూచుట, ఆ క్షణమున దాని పేరు పలుకుట, ఇదియే భాషకు మొదటి పాఠము.

ఇక్కడ నొక ప్రశ్న పుట్టును. మనకు కావలసిన వస్తువువైపునకు శిశువును త్రిప్పవలెనా, లేక శిశువు చూచుచున్న వస్తువువైపునకు మనమే తిరుగవలెనా? టొమాసెల్లో, ఫారర్ అను అమెరికా పరిశోధకులు 1986లో ఈ సంగతిని పరీక్షించిరి. బిడ్డ అప్పటికే చూచుచున్న వస్తువు పేరు చెప్పినప్పుడు ఆ పేరు వానికి బాగుగ పట్టుబడెను. వాని దృష్టిని లాగి మరియొక వస్తువుపై నిలిపి చెప్పిన పేరు అంత బాగుగ పట్టుబడలేదు. తాతగారు సంతనుండి రంగుల చిలుకబొమ్మను తెచ్చి "చిలుక, చిలుక" యనుచుండగా మనుమడు ప్రక్కనున్న డబ్బా మూతను దొర్లించుచుండుట మనము చూచియుందుము. తాతగారికి చిన్నతనముగ దోచవచ్చును. కాని అప్పుడు చెప్పదగిన మాట "మూత" యనునదే. చిలుక రేపటికి ఎగిరిపోదు.

2. హెలెన్ కెల్లరుగారి బొమ్మయు, నీళ్లబోరింగును

వస్తువు చేతిలో నున్నంత మాత్రమున మాట వచ్చునా? దీనికి హెలెన్ కెల్లరుగారి చరిత్రము చక్కని యుత్తర మిచ్చుచున్నది. ఆమె 1880వ సంవత్సరము జూను 27వ తేదీన అమెరికాలోని అలబామా రాష్ట్రమున, టస్కంబియా యను ఊర జన్మించెను. పందొమ్మిది నెలల వయస్సున వచ్చిన యొక జబ్బుచేత చూపును వినికిడిని గూడ కోల్పోయెను. అయినను ఆమె సైగలు చేయుట మానలేదు. రొట్టె కావలసినప్పుడు ముక్కలు కోసి వెన్న పూయుచున్నట్లు అభినయించును, రమ్మనుటకు లాగును, పొమ్మనుటకు త్రోయును. చెప్పవలెనను కోరిక ఆమె కుండెను. మాట మాత్రము లేకుండెను.

1887 మార్చి 3వ తేదీన ఆన్ సలివన్ అను ఉపాధ్యాయిని ఆ యింటికి వచ్చెను. ఆమె ఒక బొమ్మను హెలెన్‌కిచ్చి, కొంతసేపు ఆడుకొననిచ్చి, పిమ్మట బొమ్మ యను పదములోని అక్షరములను వ్రేళ్ల గుర్తులతో ఆ బాలిక యరచేతిలో వ్రాసెను. హెలెన్ దానిని వింత యాటగ నెంచి వెంటనే అనుకరించెను. కాని అది యొక పదమనిగాని, వస్తువులకు పేర్లుండుననిగాని ఎరుగదు. కొన్ని వారములిట్లు గడచెను. గ్లాసునకును అందలి నీటికిని పేర్లు వేరని సలివన్ ఎంత చెప్పినను బాలిక రెంటిని కలిపివేయుచుండెను. విసిగి, చేతనున్న క్రొత్త బొమ్మను నేలకు గొట్టి పగులగొట్టెను.

ఏప్రిలు 5వ తేదీన సలివన్ ఆమెను బోరింగుకడకు గొనిపోయి, ఒక చేతిమీద చల్లని నీరు పారుచుండగా రెండవ చేతిలో నీటి పేరును వ్రాసెను. ఆ క్షణమున హెలెన్ నిశ్చేష్టురాలై నిలువబడెను. తన చేతిమీద పారుచున్న దానికే యా పేరని ఆమెకు స్ఫురించెను. దారిలో తాకిన ప్రతి వస్తువు పేరు అడుగనారంభించెను. ఇంటిలోనికి రాగానే పగిలిన బొమ్మ జ్ఞాపకమునకు వచ్చి, ముక్కలు వెదకి అతికింప జూచి, కన్నీరు గార్చెను. పేరు తెలిసిన తరువాతనే ఆ బొమ్మకై విచారము కలిగెను. ఈ సంగతులను ఆమెయే 1903లో ప్రకటింపబడిన తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

దీనికి మించిన పాఠము ఆ తరువాతి దినములలో గలదు. సలివన్ ఆ యింటి చుట్టములలో పదునైదు నెలల పసిబిడ్డ నొకదానిని పరిశీలించి, ఆ బిడ్డకు ఎవ్వరును పాఠములు చెప్పుట లేదని గమనించెను. ఎల్లరు దానితో ఊరక మాటలాడుచుండిరి. తాను పలుకలేని మాటలను గూడ అది గ్రహించుచుండెను. అంతట సలివన్, వేళ పెట్టి పాఠములు చెప్పుట మాని, చంటిబిడ్డ చెవిలో మాటలాడు రీతిని హెలెన్ చేతిలో పూర్తి వాక్యములతో మాటలాడ నిశ్చయించెను. ఆడుచు, నడచుచు, పూలు కోయుచు ఆ సంభాషణ సాగెను. వస్తువును చేతికిచ్చి పేరు వల్లింపజేయుట చాలదు. ఆ వస్తువుతో ఏదో యొకటి జరుగుచుండవలెను, ఆ జరుగుదానియందు ఇద్దరును పాల్గొనవలెను. నీరు పారినప్పుడు గదా నీటికి పేరు వచ్చినది!

3. పూర్వాచార్యుల పద్ధతులు

వస్తువును, మాటను జోడించి చెప్పవలెనను తలంపు క్రొత్తది కాదు. కొమీనియస్ అను విద్యావేత్త 1658లో పిల్లలకై బొమ్మల పుస్తకమును ప్రచురించి, ప్రతి బొమ్మ క్రిందను అందలి వస్తువుల పేర్లను వ్రాయించెను. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను ఊర చిన్నపిల్లల సంస్థ నొకదానిని స్థాపించి, 1840లో దానికి "పిల్లల తోట" యని పేరిడెను. నేటి కిండర్‌గార్టెన్ అను పదమున కిదియే యర్థము. ఆయన సిద్ధపరచిన ఆటవస్తువులకు "కానుకలు" అని పేరు. మొదటి కానుక ఆరు రంగుల ఉన్నిబంతులు. వానికి దారములు కలవు. తల్లి బంతిని పైకెత్తి "పైకి" అనును, దించి "క్రిందికి" అనును, చేతులలో దాచి "పోయినది" అనును, చూపి "వచ్చినది" అనును. ఇందు బంతి యను పేరుకంటె దాని నడకను చెప్పు మాటలే యెక్కువ. ఇది గమనింపదగినది. పేర్లు మాత్రమే నేర్చిన బిడ్డ వాక్యము కట్టజాలదు. "ఇమ్ము, రమ్ము, పోయినది, ఇంకొకటి" యను మాటలు వచ్చినప్పుడే వాక్యము నడచును.

పిమ్మట వచ్చిన వస్తుపాఠములు పెక్కుచోట్ల దారి తప్పినవి. ఎదుట వస్తువు లేకయే దాని లక్షణములను బాలురు ఏకకంఠముగ వల్లించిరి. ఆవును చూడని బాలుడు ఆవుయొక్క ఉపయోగములను ఒప్పజెప్పుటవలన వాని నాలుక తిరిగెనే గాని మాట పెరుగలేదు.

ఫ్రాన్సు దేశీయుడైన సెగాన్ అను వైద్యుడు మందబుద్ధులని లోకము విడిచిన పిల్లలకు చదువు చెప్పుటలో జీవితము గడపెను. ఆయన పాఠక్రమమును మరియా మాంటిసోరి గ్రహించి వ్యాపింపజేసెను. ఆమె 1907 జనవరి 6వ తేదీన రోము నగరములో, పేదలు నివసించు సాన్ లోరెంజో పేటయందు తన మొదటి శిశుగృహమును తెరచెను. 1939లో ఆమె మద్రాసులోని అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి, అనేకులైన భారతీయోపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. అంతకు ముందే, 1920లో, గుజరాతు ప్రాంతపు భావనగరమున గిజుభాయి బధేకాగారు బాలమందిరమును నెలకొల్పి కథలకును, ఆటలకును బడిలో చోటు కల్పించిరి.

మాంటిసోరి వాడిన మూడు మెట్ల పాఠమును ప్రతి యింటను చేయవచ్చును. గరుకుదియొకటి, నునుపుదియొకటి, రెండు పలకముక్కలను తీసికొనుడు. మొదటి మెట్టున బిడ్డ వ్రేళ్లతో తాకించి, "ఇది గరుకు, ఇది నునుపు" అని చెప్పవలెను. రెండవ మెట్టున "గరుకైనది ఏది? నునుపుది నాకిమ్ము" అని యడుగవలెను. ఇక్కడ బిడ్డ నోరు విప్పనక్కరలేదు, చేతితో జవాబిచ్చును. మూడవ మెట్టున మాత్రమే "ఇది యెట్టిది?" యని యడుగవలెను. మనము సాధారణముగ చేయు పొరపాటు మూడవ మెట్టునుండి యారంభించుట. చుట్టములు రాగానే "ఇదేమిటో చెప్పుము, అదేమిటో చెప్పుము" అని బిడ్డను నిలదీయుదుము. గ్రహించుట ముందు, పలుకుట వెనుక. రెండవ మెట్టున తప్పిన బిడ్డను మందలింపక, పలకలను తీసి దాచి, మరియొకనాడు మొదటినుండి చెప్పవలెను.

4. మన యింటి వస్తువులు, మన ఆటలు

ఈ పనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. క్రింద కొన్ని ఆటలు సూచించుచున్నాము.

దోబూచి: మొగమునకు గుడ్డ కప్పుకొని, తీసి, బూచియనుట. ఇందొక నియమము గలదు: దాగుట, ఎదురుచూచుట, కనబడుట. కొన్నాళ్లకు బిడ్డయే గుడ్డ కప్పుకొని మనల నాడించును. ఒకరి వంతు తరువాత మరియొకరి వంతు వచ్చు సంభాషణక్రమము ఇక్కడనే పట్టుబడును. మనస్తత్త్వ పండితుడైన బ్రూనర్ ఇట్టి యాటలను శ్రద్ధతో పరిశీలించి, భాషకు ఇవి పునాదులని చూపెను.

బంతి: ఎదురెదురుగ కూర్చుండి దొర్లింపవలెను. దొర్లించుటకు ముందు "ఒకటి, రెండు..." అని యాగవలెను. ఆ యాగుటయే యాటకు ప్రాణము. బిడ్డ చూపుతోనో, చేతితోనో, శబ్దముతోనో "మూడు" అనును. అట్లన్నప్పుడే బంతిని వదలవలెను.

మరచెంబు: నాలుగు రంగుల గుడ్డపీలికలనో, చిన్న బొమ్మనో మరచెంబులో వేసి మూత బిగించి బిడ్డచేతి కీయుడు. మూత రాదు. వాడు చెంబును మీకు చాపును. అదియొక వాక్యము. "తీయనా? మూత తీయనా?" యని పలికి వెంటనే తీయుడు. నోటితో అడిగినగాని తీయనని బిడ్డను ఏడిపింపరాదు. మాట వెలకు వస్తువు నమ్ముట ఆట కాదు.

సంచి: గుడ్డసంచిలో గరిటె, దువ్వెన, తాళపుచెవి, గంట వేసి, చూడకుండ చేతితో తడిమి యేదియో చెప్పుమనుట. మూడేండ్లు దాటిన పిల్లల కిది మిక్కిలి ఇష్టము. బడిలో మొదటి తరగతి బాలుడు నోరు విప్పనప్పుడును ఇది పనికివచ్చును. పదిమంది చూపులు వానిమీద గాక సంచిమీద నుండును. కావున బెరకు తగ్గును.

గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లి, అంగడి యాట: చిప్పలో ఇసుక అన్నమగును, ఆకు విస్తరియగును, పుల్ల వరుడగును. లేనిదానిని ఉన్నట్లు భావించు శక్తియు, మాటను వాడు శక్తియు అక్కచెల్లెండ్రు. రష్యా పండితుడైన విగోత్‌స్కీ 1933లో చేసిన యుపన్యాసమునందు కర్రను గుఱ్ఱముగ నెక్కు బాలుని యుదాహరణముతో ఈ సంగతిని విశదపరచెను. అంగడి యాటలో "కిలో యెంత? తగ్గించి చెప్పుము, చిల్లర లేదు" అని బేరమాడు పిల్లలు తమకు తెలియకయే ప్రశ్నయు, కారణమును, మర్యాదయు నేర్చుచున్నారు.

బొమ్మలు కొనదలచినవారికి మన ప్రాంతమున లోటు లేదు. అంకుడు కఱ్ఱను తరిణెపట్టి లక్క రంగులు పూయు ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొండపల్లి బొమ్మలు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱతో చేయబడును. సంక్రాంతి కొలువులోని బొమ్మలు చూచుటకు. శిశువున కిచ్చు బొమ్మ పట్టుకొనుటకు, పడవేయుటకు, మరల తీయుటకు. తాకవద్దని చెప్పి యిచ్చిన బొమ్మ మాట నేర్పజాలదు. ఒక హెచ్చరిక: మూడేండ్లలోపు పిల్లలు ప్రతి వస్తువును నోట బెట్టుకొందురు. చింతపిక్కలు, గచ్చకాయలు, గోళీలు, గుండీలు, చిన్న బ్యాటరీలు వారి కందనీయరాదు. వామనగుంటలు పెద్దపిల్లల యాట.

5. పెద్దలు చేయవలసినది

ఆటలో వస్తువు సగము; పెద్దలు సగము. వారు పాటింపవలసిన నియమములు నాలుగు.

మొదటిది, నేలమీద కూర్చుండుట. బిడ్డ మొగమునకు మన మొగము ఎదురుగ నుండవలెను. రెండవది, ఓపిక. ఒక మాట పలికి, మనసులో పది లెక్కించునంతసేపు ఆగుడు. శిశువునకు వినుటకును, తలంచుటకును, పలుకుటకును మనకంటె ఎక్కువ కాలము పట్టును. మనము తొందరపడి రెండవ మాట పలికినచో వాని వంతును మనమే తినివేసినట్లగును. మూడవది, బిడ్డ మాటకు ఒక మాట చేర్చుట. వాడు "బువ్వ" యన్నచో "అవును, వేడి బువ్వ" యనవలెను. కుక్కను చూచి "తుత్త" యన్నచో నవ్వక, కసరక, "అవును, కుక్క. కుక్క పరుగెత్తుచున్నది" అనవలెను. సరియైన రూపము వాని చెవిని బడును. సిగ్గు మాత్రము కలుగదు. నాలుగవది, ప్రశ్నలు తగ్గించుట. పోలీసువారి విచారణవంటి యాటను ఏ బిడ్డయు కోరదు.

ఏ భాషలో మాటలాడవలెనని కొందరు తలిదండ్రులు అడుగుదురు. బడిలో ఇంగ్లీషు కావలెను గనుక ఇంట కూడ వచ్చీరాని ఇంగ్లీషుననే మాటలాడుచున్నవారు కలరు. మీకు నవ్వు వచ్చు భాషలో, జోల పాడ వచ్చు భాషలో మాటలాడుడని మా సలహా. ఇంటి భాషలో బలము కలిగిన బిడ్డ రెండవ భాషను సులభముగ నేర్చును. రెండు భాషలు వినుటచేత మాట ఆలస్యమగునను భయము నిరాధారము. గిడుగు వెంకట రామమూర్తిగారు సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింపవలెనని తామే ఆ భాష నేర్చి పుస్తకములు వ్రాసిన సంగతిని ఇక్కడ స్మరింపవలెను.

ఇక సెల్‌ఫోనును గూర్చి. అది బిడ్డ నూరకుంచునని పెద్దలు దానిని వాని చేతికిత్తురు. నిజమే, ఊరకుంచును. మాట కావలసిన బిడ్డకు ఊరకుండుట మందు కాదు. తెరలోని బొమ్మ వేయి మాటలు పలుకును. బిడ్డ పలికిన ఒక్క మాటకైనను బదులీయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన నియమముల ప్రకారము ఏడాదిలోపు శిశువులకు తెర చూపనేరాదు. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంట మించరాదు, తక్కువైనకొలది మేలు. మాటలాడు ఎలెక్ట్రానిక్ బొమ్మలును ఇట్టివే. అమెరికాలో పది మొదలు పదునారు నెలల వయస్సుగల 26 మంది శిశువులను, వారి తలిదండ్రులను పరిశీలించి 2016లో ప్రకటించిన యొక పరిశోధనలో, అట్టి బొమ్మలతో ఆడునప్పుడు తలిదండ్రుల మాటలు తగ్గినట్లును, బొమ్మల పుస్తకములు చూచునప్పుడు హెచ్చినట్లును తేలినది. బొమ్మ మాటలాడుచుండగా తల్లికి మాటలాడ తావేది?

6. మాట ఆలస్యమైనప్పుడు

అన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొందరు బిడ్డలకు మాట రాదు. "వాని తండ్రికిని ఆలస్యముగనే వచ్చినది" అని ఇరుగుపొరుగువారు ఓదార్చుదురు. ఆ యోదార్పు కొందరి విషయమున నిజమగును. మరికొందరి విషయమున అమూల్యమైన కాలమును హరించును. ఏడాది దాటినను వ్రేలితో చూపక, సైగలు చేయకుండుట. పదునారు నెలలకు ఒక్క మాటయు రాకుండుట. రెండేండ్లకు "అమ్మ రా", "పాలు ఇయ్యి" వంటి రెండు మాటల కూర్పు లేకుండుట. ఏ వయస్సునందైనను వచ్చిన మాటలు మరల పోవుట. ఇందేది కనబడినను వైద్యునికి చూపవలెను.

మొట్టమొదట పరీక్షింపవలసినది చెవి. పుట్టిన కొలది దినములకే వినికిడిని పరీక్షించు యంత్రములు నేడు కలవు. గిలక చప్పుడునకు తిరిగినంత మాత్రమున అన్ని శబ్దములును వినబడుచున్నవని నమ్మరాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమముక్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకును, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకును వచ్చి, పుట్టిన శిశువు మొదలు పదునెనిమిదేండ్ల వారివరకు ఎదుగుదలలోని లోపములను పరీక్షించును. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రములకు పంపును. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. చుట్టములు వచ్చినప్పుడు మాటరాని బిడ్డను లోపలి గదిలో నుంచు ఇండ్లు ఇంకను కలవు. ఏ బిడ్డకు మనుష్యుల మాట అందరికంటె ఎక్కువ అవసరమో ఆ బిడ్డకే అది అందకుండ చేయుట ఎంత యన్యాయము!

పరీక్ష ఫలిత మేమైనను ఆట మానరాదు. వినలేని బిడ్డకు సంజ్ఞాభాష గలదు. అది సంపూర్ణమైన భాషయే. మనుష్యుల మొగము చూచుటకు జంకుచు, చక్రములు త్రిప్పుచు తనలో తానుండు బిడ్డయొద్ద మనమును ప్రక్కన కూర్చుండి మరియొక చక్రమును త్రిప్పవలెను. కొన్నాళ్లకు వాడు మన చక్రమువైపు చూచును. ఆ చూపే మొదటి మాట. అక్కడనుండి నడువవచ్చును.

విద్యార్థులారా, సెలవులలో ప్రతిదినము పది నిమిషములు ఇంటి చిన్నబిడ్డతో నేలమీద కూర్చుండుడు. ఫోనును దూరముగ నుంచుడు. వాడు దేనిని పట్టుకొనునో దానినే మీరును పట్టుకొనుడు. వాడు పలికిన దానికి బదులు పలుకుడు, పలుకనప్పుడు వేచియుండుడు. దీనికి మార్కులు లేవు. కాని ఒక మనుష్యునకు మాట నిచ్చిన పుణ్యము మీకు దక్కును.

అభ్యాసము

1. శిశువు అరటిపండును చూపుటకును, చందమామను చూపుటకును భేదమేమి?
2. బొమ్మవలన రాని తెలివి హెలెన్ కెల్లరుగారికి నీటివలన ఏల వచ్చెను?
3. మూడు మెట్ల పాఠమును మీ యింటిలోని రెండు వస్తువులతో చేసి, ఏ మెట్టున బిడ్డ యాగెనో వ్రాయుడు.
4. మీ యూరిలో ఆడు ఆట నొకదానిని తీసికొని, అందు పిల్లలు తప్పక పలుకవలసిన మాటలను లెక్కించి వ్రాయుడు.